హెరాల్డ్ ఎవాన్స్ ఆత్మకథ 'మై పేపర్ ఛేజ్': థాలిడోమైడ్ చాప్టర్ కోసమైనా చదవండి

2009లో వచ్చిన బుక్ ఇది. బ్రిటన్‌లో ఆదివారాలు వచ్చే పేపర్ సండే టైమ్స్‌కి 1967 నుంచి 1981 దాకా ఎడిటర్‌గా చేసిన హెరాల్డ్ ఎవాన్స్ తన కథ తనే రాసుకున్నారు. 2002లో బ్రిటన్ జర్నలిస్టులు ఓట్లేసి మరీ, ఇప్పటిదాకా వచ్చిన ఎడిటర్లందర్లో గొప్పోడు ఈయనే అన్నారు. 2020లో 92 ఏళ్ళకి పోయారు. నా రేటింగ్ 5కి 4, ఆ ఒకటి ఎందుకు తగ్గిందో చివర్లో చెప్తా.

మొదలే పట్టేస్తుంది. 1940, వేల్స్‌లోని రిల్ బీచ్, ఎవాన్స్ అప్పటికి 12 ఏళ్ళ పిల్లాడు, నాన్న రైల్వేలో పనిచేసే మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ నుంచి వెనక్కి తిరిగొచ్చిన బ్రిటన్ సైనికులు ఇసుకలో పడున్నారు, నాన్న వెళ్ళి వాళ్ళతో మాట్లాడొస్తే తేలిందేంటంటే వాళ్ళు పూర్తిగా నలిగిపోయి ఉన్నారు, పేపర్లేమో మళ్ళీ యుద్ధానికెళ్ళడానికి తహతహలాడుతున్నారని రాశాయి. పేపర్లో ఉన్నదానికీ కళ్ళముందు ఉన్నదానికీ ఇంత తేడా ఏంటి అన్న డౌటు ఆ పిల్లాడికి అక్కడే మొదలైంది.

16 ఏళ్ళకే చదువాపేసి ఆష్టన్‌లో లోకల్ పేపర్లో రిపోర్టర్, ఆ తర్వాత ఎయిర్‌ఫోర్స్, డరం యూనివర్సిటీ, మాంచెస్టర్ డెస్కు, ఇవన్నీ చకచకా సాగిపోతాయి. 1961లో డార్లింగ్టన్‌లో నార్తర్న్ ఎకో ఎడిటర్ అయ్యాక అసలు మజా. చూస్తే జిల్లా స్థాయి పేపరు, కానీ కెనడాలోని వాంకూవర్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఆడవాళ్ళందరికీ ముందే టెస్టు చేస్తున్నారని తెలిసి, బ్రిటన్‌లో ఎందుకు లేదని పట్టు పట్టి, ప్రభుత్వం కదిలేదాకా రాయిస్తూనే ఉన్నాడు. తప్పుడు కేసులో 1950లో ఉరితీసిన తిమోతీ ఎవాన్స్ (ఇంటిపేరు ఒకటే గానీ చుట్టం కాదు) కోసం కూడా అంతే, 1966లో మరణానంతర క్షమాభిక్ష వచ్చేదాకా వదల్లేదు. ఒక్కసారి రాసి చేతులు దులుపుకుంటే పనవ్వదు, జనానికి విసుగొచ్చినా రాస్తూనే ఉండాలి అన్నది ఈయన పద్ధతి, నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక థాలిడోమైడ్. గర్భిణులకి వేవిళ్ళు తగ్గుతాయని ఇచ్చిన ఆ మందు వల్ల పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు, బ్రిటన్‌లో 1958 నుంచి 1961 దాకా అమ్మింది డిస్టిల్లర్స్ అనే విస్కీ కంపెనీ. తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు, పేపర్లు నోరెత్తడానికి లేదు, ఎందుకంటే కేసు నడుస్తుండగా రాస్తే కోర్టు ధిక్కారం. ఎవాన్స్ ఏం చేశాడంటే, చట్టప్రకారం తప్పెవరిదన్న జోలికి పోకుండా, కంపెనీకి నైతిక బాధ్యత లేదా అని 1972 సెప్టెంబర్లో మొదలుపెట్టాడు. సండే టైమ్స్‌కి బాగా యాడ్స్ ఇచ్చే కంపెనీ మీదే ఇదంతా! మందు ఎలా తయారైందో, ఏం టెస్టులు చేశారో చెప్పే రెండో కథనాన్ని కోర్టు ఆపేసింది, అది అచ్చవడానికి 1976 దాకా పట్టింది. ఈలోగా కంపెనీ మొదట ఇస్తానన్న 32.5 లక్షల పౌండ్లు కాస్తా 2 కోట్ల పౌండ్లయ్యింది. ఎవాన్స్ అక్కడితో ఆగలేదు, యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్ళి 1979లో 11–9 ఓట్లతో గెలిచాడు, బ్రిటన్ తన ధిక్కార చట్టాన్నే మార్చుకోవాల్సొచ్చింది. ఈ పేజీలు చదువుతుంటే ఆ తల్లిదండ్రుల్ని తల్చుకుని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, లాయర్లతో కూర్చుని ఒక్కో వాక్యం ఎలా కాచుకున్నారో చెప్పిన తీరైతే జర్నలిజం స్టూడెంట్స్‌కి క్లాసులో చెప్పాల్సినంత బావుంది.

మైనస్ ఏంటంటే అమెరికా భాగం. రాండమ్ హౌస్ అనే పెద్ద పుస్తక ప్రచురణ సంస్థకి ప్రెసిడెంట్‌గా ఏళ్ళ తరబడి చేసిన మనిషి, అదంతా పరుగెత్తించేశారు, పెద్దపెద్ద పేర్లు వరసగా వచ్చి పోతుంటాయి, ఒక్కరి దగ్గరా ఆగరు. 1981లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డాక్ సండే టైమ్స్‌నీ, దాని తోటి దినపత్రిక ది టైమ్స్‌నీ కొన్నాక ఎవాన్స్ ది టైమ్స్‌కి మారి, ఏడాదికే 1982 మార్చిలో రాజీనామా చేయాల్సొచ్చిన గొడవ కూడా ఇందులో నాకు చాల్లేదు. దాని మీద 1983లోనే 'గుడ్ టైమ్స్, బ్యాడ్ టైమ్స్' అని విడిగా రాశారు, మర్డాక్ సంగతుల కోసమే అయితే అది తీసుకోండి. ఎడిటర్ పని ఏంటో తెలుసుకోవాలంటే మాత్రం ముందు ఇదే చదవండి.