లైబ్రరీ క్లాసా, పక్కన కూర్చుని వెతకడమా: ఏది మేలు?

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ డిపార్ట్‌మెంట్ల నుంచి ఇదే ప్రశ్న: "పిల్లలందరికీ ఒక గంట పబ్‌మెడ్ క్లాసు చెప్పేస్తారా, అవసరం పడినప్పుడు మీ దగ్గరికే పంపమంటారా?" నెల్లూరులో మెడికల్ లైబ్రేరియన్‌గా రెండూ చేస్తున్నాను. (పబ్‌మెడ్ అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే సైటు.)

క్లాసుతో లాభం లేకపోలేదు. మెష్ పదాలు (పేపర్లకు విషయాన్ని బట్టి తగిలించే ప్రామాణిక పదాలు) ఏమిటో, అండ్‌, ఆర్‌ వెతికే మాటల మధ్య ఎక్కడ పెట్టాలో హాలు మొత్తానికి ఒకేసారి చెప్పేయొచ్చు. ప్రశ్నను నాలుగు ముక్కలు చేసే 'పికో' కూడా రాసుకుంటారు: రోగి, చికిత్స, పోలిక, ఫలితం. చిక్కల్లా, అప్పటికి వాళ్ల దగ్గర ప్రశ్నే ఉండదు. వారం తిరిగేసరికి మళ్లీ గూగులే.

మొన్న వానల్లో ఒక హౌస్ సర్జన్ పరుగున వచ్చింది. ఉదయగిరి వైపు పేషెంటు, చంకలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం). "సార్, డాక్సీనా, అజిత్రోనా?" రెండూ యాంటీబయాటిక్ మందులే (డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్), కానీ మందుల సంగతి నాకేం తెలుసు! "వయసెంతమ్మా? వార్డులో ఉన్నాడా, ఐసీయూలోనా?" అన్నాను. యాభై దాటాయి, ఆయాసంతో ఐసీయూలో ఉన్నాడు. 'తీవ్రమైన' అన్న మాట చేర్చి, పబ్‌మెడ్‌లోనే వైద్యుల ప్రశ్నలకు తగ్గ పేపర్లు వడగట్టే క్లినికల్ క్వెరీస్‌లో థెరపీ ఎంచుకునేసరికి లిస్టు కళ్లకు ఆనేంతకు వచ్చింది. అందులో 2023 న్యూ ఇంగ్లండ్ జర్నల్ ట్రయల్ ఒకటి, మన దేశంలోనే జరిగింది. తీవ్రమైన కేసుల్లో రెండు మందులూ కలిపి నరానికిస్తే ఏ ఒక్కదానికన్నా మేలట. తను అడిగింది ఇదా అదా అని, దొరికింది రెండూ అని. "మేలంటే దేంట్లో?" అని మళ్లీ చదివించాను. ఏడో రోజుకి కాంప్లికేషన్లు తగ్గాయి, 28 రోజుల మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఒక్క ప్రశ్న క్లాసులో వందసార్లు చెప్పినా ఎక్కదు.

నా ఓటు ఎటో తెలిసిపోయిందిగా. కాకపోతే ఒక్కొక్కరికి అరగంట పడుతుంది, నేనేమో ఒక్కణ్ణే.

ఇక వీడియోలంటారా, ఎక్కడ నొక్కాలో మర్చిపోతే చూసుకోవచ్చు. ఏఐని అడిగితే లేని పేపర్లు కూడా చెబుతుంది, పబ్‌మెడ్‌లో సరిచూడకుండా నమ్మొద్దు.

ఈసారి క్లాసుని ఇరవై నిమిషాలకు కుదించాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా ఎదురు కుర్చీ ఖాళీ. కేస్ షీట్ తేనక్కర్లేదు, ప్రశ్న ఒక చీటీ మీద రాసుకొస్తే చాలు.