ఫుట్‌బాల్ మేనేజర్ 24 రివ్యూ: హైదరాబాద్ ఎఫ్‌సీని మళ్లీ నిలబెట్టాలంటే మొదట తెరవాల్సింది కాంట్రాక్టుల పేజీ

2024 సెప్టెంబరులో ఎపిక్ గేమ్స్ స్టోరు ఈ ఆటను వారం రోజులు ఉచితంగా ఇచ్చింది. అప్పుడు ఖాతాలో వేసుకుని ఇప్పటికీ తెరవని వాళ్లు ఉంటే తెరవండి. 2023 వేసవి నాటి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఇందులో ఉంది, హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఐఎస్‌ఎల్‌లో మనది అని చెప్పుకోవడానికి ఉన్న ఒక్క తెలుగు జట్టు అది. ఆ జట్టును చేతిలోకి తీసుకుని సీజన్ల మధ్య ఖాళీలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని కూర్చుని తేల్చుకునే అవకాశం ఇక ఈ ఆటలోనే మిగిలింది.

బంతి తన్నే ఆట కాదిది. జాయ్‌స్టిక్ అక్కర్లేదు. కోచ్, మేనేజరు చేసే పనులన్నీ తెర మీద పట్టికల్లో చేయాలి: జీతాలు, కాంట్రాక్టులు, స్కౌటింగు (కొత్త ఆటగాళ్లను వెతికి పరిశీలించడం), శిక్షణ, జట్టు కూర్పు. మ్యాచ్ నడుస్తుంటే చూసి మార్పులు చెప్పొచ్చు, అంతే. అనంతపురంలో పిల్లల టీములు నడిపే కోచ్‌లకు, అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ మైదానాల్లో ఆడి పెరిగిన కుర్రాళ్లకు ఇది ఎందుకు పనికొస్తుందో తర్వాత చెబుతాను. ముందు ఇన్‌స్టాల్ సంగతి.

కనీసం 4 జీబీ ర్యామ్, 7 జీబీ ఖాళీ స్థలం ఉండాలి. కొత్త గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కానీ 4 జీబీ లాప్‌టాప్‌లో ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ లీగులన్నీ టిక్ పెడితే ఒక రోజు ముందుకు జరగడానికి కూడా బాగా టైము పడుతుంది. ఇండియా ఒక్కటే పెట్టుకుని డేటాబేస్ చిన్నది ఎంచుకోండి. ఎంపిక తెర మీద ఆట వేగం ఎంతుంటుందో నక్షత్రాల్లో చూపిస్తుంది, అది 3 కంటే తగ్గకుండా చూసుకుంటే చాలు. మ్యాచ్‌ను త్రీడీలో కాకుండా టూడీలో చూడండి. లాప్‌టాప్ వేడెక్కదు, పైగా డిఫెన్సు లైను ఎక్కడ తెగుతోందో టూడీలోనే బాగా తెలుస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు మూడు రకాల ఆరంభాలు అడుగుతుంది. ఒకదానిలో ఆ వేసవి బదిలీలు అప్పటికే జరిగిపోయి ఉంటాయి. 'రియల్ వరల్డ్' అనే దానిలో జట్లు పాత రూపంలోనే మొదలై, బయట జరిగిన బదిలీలు అవే తేదీలకు జరుగుతాయి. జట్టును మళ్లీ కట్టడం నేర్చుకోవాలంటే ఈ రెండోదే ఎంచుకోండి, ఎవరు ఎప్పుడు పోతున్నారో కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. హైదరాబాద్ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన జట్టు. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక పెనాల్టీల్లో 3-1. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ జట్టు ఒక్క వేసవిలో కొన్నది కాదు. 2021లో లిస్టన్ కొలాసో వెళ్లాడు, 2022లో ఆశిష్ రాయ్, 2023లో ఆకాశ్ మిశ్రా. ఏడాదికో మంచి కుర్రాడు పోయినా జట్టు పడిపోలేదు. ఆశిష్ రాయ్ పోయాక కూడా 2022-23లో 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాతి సీజన్లో జీతాలు ఆగాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. జనవరిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లిపోయారు. విదేశీయులూ ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఏడాదికొకరు పోతే ఆ ఖాళీ పూడ్చుకోవచ్చు. ఒకే నెలలో అరడజను మంది పోతే ఎంత మంచి కోచైనా ఏం చేయలేడు. ఈ తేడాను ఆట చాలా చక్కగా నేర్పుతుంది, దీని విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

అందుకే కొత్తగా ఆడేవాళ్లు చేసే మొదటి తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఆట తెరవగానే బదిలీల పేజీకి వెళ్లి స్ట్రైకరు కోసం వెతుకుతారు. వద్దు. ముందు జట్టు జాబితా తెరిచి, కాంట్రాక్టు ముగిసే తేదీ వరుసలో పేర్చండి. మన దేశంలో కాంట్రాక్టులు ఎక్కువగా మే 31తో ముగుస్తాయి. ఫిఫా నియమం ప్రకారం గడువు ఆరు నెలల్లోపు ఉంటే ఆ ఆటగాడు వేరే క్లబ్బుతో ముందే ఒప్పందం రాసుకోవచ్చు, మీకు పైసా రాదు. అంటే మే 31 గడువున్న వాళ్ల సంగతి నవంబరు లోపే తేలిపోవాలి. ఉంచుకోవాలనుకుంటే అప్పటికి సంతకం చేయించాలి. వద్దనుకుంటే ఆగస్టులోనే అమ్మాలి, అప్పుడైతే నాలుగు డబ్బులొస్తాయి. జనవరిలో చూద్దాంలే అనుకుంటే చేయి దాటిపోయినట్టే.

సంతకం చేయించేటప్పుడు ఏజెంటు అడిగే షరతుల్లో రెండింటితో జాగ్రత్త. ఒకటి, ఏటా ఇంత శాతం జీతం పెంపు. రెండోది, జట్టులో అందరికంటే ఎక్కువ జీతం ఎవరికుంటే దానికి సమానంగా ఇవ్వాలనేది. ఈ రెండోది ప్రమాదం. మీరు ఒక విదేశీ స్ట్రైకరును తెస్తే, ఇంకో ఆటగాడి జీతం ఆ స్ట్రైకరు జీతం దాకా దానంతటదే పెరిగిపోతుంది. బదులుగా మ్యాచ్ ఆడిన ప్రతిసారి ఇచ్చే ఫీజు పెంచి మూల జీతం తగ్గించండి, గాయాలతో కూర్చునే వాళ్ల మీద డబ్బు వృథా కాదు. క్లబ్బు ఇష్టం మీద ఇంకో ఏడాది పొడిగించుకునే షరతు పెట్టమని అడగండి, కుర్రాళ్లు తరచూ ఒప్పుకుంటారు.

దీని తర్వాత తెరవాల్సింది స్క్వాడ్ ప్లానర్. ఈ సీజను, వచ్చే సీజను, ఆ పై సీజను ఇలా మూడు చూపులుంటాయి. ప్రతి స్థానంలో మొదటి ఆటగాడు, అతని కింద రెండోవాడు. గోల్‌కీపర్లు 3, మిగతా 10 స్థానాలకు ఇద్దరేసి కలిపి 23. మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు. మూడో చూపుకు వెళ్లేసరికి సగం గడులు ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీలే మీ కొనుగోళ్ల జాబితా. వచ్చే ఏడాది లెఫ్ట్ బ్యాక్ గడి ఖాళీ అవుతుందని ఇప్పుడే తెలిస్తే, పంతొమ్మిదేళ్ల కుర్రాడిని ఇప్పుడే తెచ్చి ఏడాదంతా ఆడించి తయారు చేయొచ్చు. 2023-24 ఐఎస్‌ఎల్ నియమం ప్రకారం విదేశీయులు జట్టులో ఆరుగురు, మైదానంలో ఒకేసారి నలుగురే. కాబట్టి ఆ నాలుగు స్థానాలు ఏవో ముందే తేల్చుకోవాలి. కప్పు గెలిచిన హైదరాబాద్ ఈ లెక్క సరిగ్గా వేసుకుంది. గోల్‌లో కట్టిమణి, రెండు పక్కల బ్యాకులు ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా, ముగ్గురూ మనవాళ్లే. విదేశీయుల్ని నడుమ నిలబెట్టింది: వెనక హువానన్, మధ్యలో జోవావ్ విక్టర్, ముందు ఒగ్బెచే. ఆ సీజన్లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. ఆటలో కూడా ఇదే వెన్నెముక పెట్టుకోండి. మన దేశంలో మంచి స్ట్రైకర్లు, గట్టి సెంటర్ బ్యాకులు తక్కువ, అందుకే వాళ్ల ధర మండిపోతుంది. వింగర్లు, పక్క బ్యాకులు మాత్రం ఐఎస్‌ఎల్ కింది లీగైన ఐ-లీగ్‌లో వెతికితే చవగ్గా దొరుకుతారు.

స్కౌటింగు దగ్గర ఓపిక కావాలి. ఆటగాడి నైపుణ్యాలన్నీ 1 నుంచి 20 వరకు అంకెల్లో ఉంటాయి. మీ స్కౌటు చూడని ఆటగాడికి అంకె కాకుండా వెడల్పు కనిపిస్తుంది: ఫినిషింగు (గోల్ కొట్టే నేర్పు) 9-14, వేగం 11-16. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కన్ను 14 మీద, 16 మీద పడుతుంది, వెంటనే ఆఫర్ పెట్టేస్తారు. స్కౌటును మూడు వారాలు ఉంచి చూడండి. ఆ వెడల్పు 10-11కు కుంచించుకుపోతుంది, అప్పుడు అతని అసలు విలువ తెలుస్తుంది. నివేదికలో లోపాల వరుస కూడా చదవండి. తరచూ గాయపడతాడు, పెద్ద మ్యాచుల్లో తడబడతాడు లాంటి మాటలు అంకెల్లో ఎక్కడా కనిపించవు, అక్కడే ఉంటాయి. మొదలుపెట్టేటప్పుడు ఈ ముసుగు తీసేసే ఐచ్ఛికం ఉంది, కానీ దాన్ని ముట్టుకోవద్దు. తీసేస్తే ఆట సులువవుతుంది, నేర్చుకునేదే పోతుంది.

డైనమిక్స్ పేజీని చాలామంది పట్టించుకోరు. అందులో జట్టు పెద్దలెవరో, ఎవరి మాట ఎవరు వింటారో మెట్లుమెట్లుగా చూపిస్తుంది. పై మెట్టు మీదున్న ఇద్దరిని ఒకే విండోలో (ఆటగాళ్లను కొని అమ్మే గడువులో) అమ్మితే వాళ్ల గుంపంతా మొహం మాడ్చుకుంటుంది, పాసులు తప్పుతాయి, వరుసగా మ్యాచులు పోతాయి. మీరు మాత్రం వ్యూహం తప్పేమో అని ఫార్మేషన్లు మారుస్తూ కూర్చుంటారు. ఒక విండోలో ఒక పెద్దను మించి పంపొద్దు. అలాగే ఆడే సమయం గురించి మాట ఇచ్చేటప్పుడు తక్కువ చేసి ఇవ్వండి. రెగ్యులర్ స్టార్టర్ అని రాసి బెంచి మీద కూర్చోబెడితే ముందు అలుగుతాడు, తర్వాత బదిలీ అడుగుతాడు, స్నేహితులు అతని వెనక నిలబడతారు.

కొత్తవాళ్లు ఐదారుగురు కంటే ఎక్కువ వస్తే జట్టు కలయిక పడిపోతుంది, అది కోలుకోవడానికి స్నేహపూర్వక మ్యాచులే మందు. సీజనుకు ముందు ఆరు వారాల్లో ఐదారు పెట్టుకోండి. మొదటి రెండు బలహీన జట్లతో, చివరిది సమ ఉజ్జీతో. శిక్షణ తీవ్రత రెట్టింపు చేస్తే తొందరగా ఫిట్ అవుతారనుకోవడం పొరపాటు, సీజను మొదటి నెలలోనే తొడ కండరాలు పట్టేస్తాయి. మెడికల్ సెంటర్ పేజీలో ప్రమాదం ఎక్కువున్న వాళ్ల పేర్లు చూసి వాళ్లకు విశ్రాంతి ఇవ్వండి.

లోపాలు లేకపోలేదు. హైదరాబాద్‌ను నిజంగా కూల్చిన సంగతిని ఆట లోతుగా చూపించదు. ఫిఫా నియమం ప్రకారం రెండు నెలల జీతం ఎగ్గొడితే ఆటగాడు నోటీసిచ్చి, 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్టు తెంచుకోవచ్చు. ఆ 15 రోజుల్లో మేనేజరు పడే నరకాన్ని, ఎవరు ఆగుతారో ఎవరు పోతారో తెలియక రేపటి జట్టు రాసుకోవడాన్ని ఈ ఆట మీ చేత చేయించదు. నిషేధం రుచి కొంతైనా చూడాలంటే ఒక దారుంది: ఆరంభంలో మొదటి విండోలో బదిలీలు జరగకుండా ఆపే ఐచ్ఛికం టిక్ పెట్టండి. ఉన్న రిజర్వు పిల్లలతోనే నెట్టుకురావాలి. చాలా కష్టం, కానీ పిల్లల మీద నమ్మకం పెరిగేది అలాంటప్పుడే.

మన దేశపు యువ ఆటగాళ్ల సమాచారం కూడా పలచన. కొందరి భవిష్యత్ సామర్థ్యం స్థిరమైన అంకె కాదు, ఒక హద్దులో ప్రతి కొత్త ఆటలో మారుతుంది. ఒక సేవ్‌లో (దాచుకున్న ఆటలో) మేటి అయినవాడు ఇంకో సేవ్‌లో మామూలుగా మిగులుతాడు. యూట్యూబ్‌లో చెప్పిన పేర్లు పట్టుకుని కొనొద్దు. ఆంధ్ర నుంచి క్లబ్బు లేదు. అమ్మాయిల ఫుట్‌బాల్ లేదు, అది 2025 నవంబరులో వచ్చిన ఫుట్‌బాల్ మేనేజర్ 26లో చేరింది. అనంతపురంలో అమ్మాయిలు ఎంత శ్రద్ధగా ఆడతారో తెలిసినవాళ్లకు ఇది పెద్ద లోటుగానే అనిపిస్తుంది. ఫోన్లో ఆడేవాళ్లకు 2023లో నెట్‌ఫ్లిక్స్ చందాతో మొబైల్ వెర్షన్ వచ్చింది, కాలక్షేపానికి బాగుంటుంది గానీ పైన చెప్పిన లోతు అందులో ఉండదు.

ఇక కోచ్‌లకు. మన టీముల్లో కాంట్రాక్టులు లేవు, కానీ గడువు తేదీ ఉంది: ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు. మార్చి దాటితే సగం జట్టు బెంగళూరుకో హైదరాబాద్‌కో చదువుకు వెళ్లిపోతుంది. జూన్‌లో మైదానానికి వచ్చి చూస్తే గోల్‌కీపరు ఉండడు. స్క్వాడ్ ప్లానర్ పద్ధతిని పొడుగు నోటుబుక్కులో దించుకోండి. ఒక పేజీకి 11 స్థానాలు, ప్రతి స్థానానికి ఇద్దరు, పేరు పక్కన చదువుతున్న తరగతి. ఈ ఏడాది, వచ్చే ఏడాది, ఆ పై ఏడాది, మూడు పేజీలు. ఇంటర్ రెండో ఏడు పిల్లాడు ఉన్న ప్రతి స్థానంలోనూ తొమ్మిదో, పదో తరగతి కుర్రాడు ఉన్నాడో లేదో దసరా సెలవుల లోపు తేలాలి. లేకపోతే వేరే స్థానంలో ఆడేవాడిని ఆ సెలవుల్లోనే అక్కడ ఆడించడం మొదలుపెట్టాలి, ఏప్రిల్ ఎండల్లో కొత్త స్థానం నేర్పడం అయ్యే పని కాదు.

హైదరాబాద్‌తో రెండు మూడు సీజన్లు అయ్యాక ఐ-లీగ్‌లోని శ్రీనిధి డెక్కన్‌తో ఇంకో ఆట మొదలుపెట్టండి. బయట ఆ జట్టు 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో ఆగింది, ఐఎస్‌ఎల్‌కు వెళ్లే మెట్టు దగ్గరే. హైదరాబాద్‌తో ఉన్నదాన్ని కాపాడుకోవడం నేర్చుకుంటారు, శ్రీనిధితో ఆ చివరి మెట్టుకు ఎవరిని చేర్చాలో. ఒక్క మాట: ఆటోసేవ్ వారానికోసారి, మూడు ఫైళ్లు మారుతూ ఉండేలా పెట్టుకోండి. వేసవిలో కరెంటు పోయి, బ్యాటరీ పాడైన లాప్‌టాప్ సేవ్ మధ్యలో ఆగిపోతే ఆ ఫైలు ఇక తెరుచుకోకపోవచ్చు, దాని ముందుది ఉంటే ఒక వారం ఆటతోనే పోతుంది.