ఫాక్‌లాండ్ దీవుల్లో తొలి వలసల జాడలు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

ఫాక్‌లాండ్ దీవుల మీద బ్రిటన్, అర్జెంటీనాల మధ్య ఈనాటికీ తెగని తగువు ఎక్కడ మొదలైందో కళ్లారా చూడాలంటే స్టాన్లీ ఒక్కటే చాలదు. ఆ ఊరు రాజధాని అయిందే 1845లో. అక్కడి డాక్‌యార్డ్ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. మిగతా రోజులు తొలి వలసలు వెలసిన పోర్ట్ లూయీకి, సాండర్స్ దీవికి ఉంచుకోండి.

పోర్ట్ లూయీని 1764లో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ స్థాపించాడు. 1767లో ఫ్రాన్స్ దాన్ని స్పెయిన్‌కు అప్పగించింది. 1811లో స్పెయిన్ వాళ్లు వెళ్లిపోయారు. 1820లో బ్యూనస్ ఐరిస్ (నేటి అర్జెంటీనా) ప్రభుత్వం తరఫున నౌకాధిపతి జ్యూయెట్ జెండా ఎగరేశాడు. ఆపైన బ్యూనస్ ఐరిస్ వర్తకుడు వెర్నెట్ పశువుల వ్యాపారం, 1831లో అమెరికన్ యుద్ధనౌక లెక్సింగ్టన్ దాడి, 1833 జనవరిలో బ్రిటిష్ నౌక క్లయో రాక, ఆ ఆగస్టులోనే వెర్నెట్ మనుషులు హత్యకు గురవడం. ఇదంతా ఒక్క చిన్న రేవు చుట్టూ జరిగింది. ఇప్పుడది ప్రైవేటు గొర్రెల ఫారం. ముందుగా అనుమతి తీసుకోవాలి, తెలిసిన గైడ్ ఉంటేనే పాత కట్టడాల పునాదులకు అర్థం తెలుస్తుంది. అద్దె కారుతో కంకర రోడ్డు వదిలి పక్కకు దిగొద్దు. పచ్చగడ్డి కింద ఉండేది నీళ్లు పీల్చుకున్న పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల), చక్రాలు ఇరుసుదాకా దిగబడతాయి.

నన్నడిగితే పోర్ట్ లూయీ కన్నా సాండర్స్ దీవిలోని పోర్ట్ ఎగ్మాంట్ గొప్పది. 1765లో బ్రిటిష్ నౌకాదళ అధికారి బైరన్ ఆ రేవును బ్రిటన్‌దని ప్రకటించాడు, 1766లో మరో అధికారి మెక్‌బ్రైడ్ స్థావరం కట్టాడు. అప్పటికే తూర్పున, పోర్ట్ లూయీలో ఫ్రెంచివాళ్లున్నారు! ఆ ఏడాది డిసెంబరులో మెక్‌బ్రైడే వెళ్లి వాళ్లను చూశాడు. 1770లో స్పెయిన్ నౌకాదళం బ్రిటిష్‌వాళ్లను తరిమేస్తే రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. 1771లో స్థావరం తిరిగి బ్రిటన్ చేతికొచ్చింది. 1774లో ఖర్చు భరించలేక, హక్కు మాదేనని సీసపు పలక మీద రాసి పెట్టి వెళ్లిపోయారు. 1780లో స్పెయిన్ వాళ్లు కట్టడాలను కూల్చేశారు. మిగిలినవి రాతిగోడల మొదళ్లే. అయినా సముద్రం వైపు తిరిగి నిలబడితే, ఈ రేవునే ఎందుకు ఎంచుకున్నారో వెంటనే తెలుస్తుంది.

సాండర్స్‌కు ప్రభుత్వ విమాన సేవ ఫిగాస్ చిన్న విమానాలు నడుపుతుంది. సామాను 20 కిలోలే. మర్నాటి వేళలు ముందు సాయంత్రం గానీ తేలవు, గాలి ఎక్కువైతే అవీ మారతాయి. బసల్లో వంట మనమే చేసుకోవాలి కాబట్టి బియ్యం, పప్పులు స్టాన్లీలోనే కొనుక్కోండి. బరువు లెక్కలో అవీ వస్తాయి. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒక రోజు శిథిలాలకు, ఒక రోజు నెక్ అనే సన్నని భూసంధి దగ్గరి ఆల్బట్రాస్ పక్షులకు. బూట్ల అడుగున అంటుకున్న మట్టి, విత్తనాలు దులిపాకే దీవి మారండి. బయటి కలుపు అక్కడి గడ్డిని మింగేస్తుంది.

పెద్ద జబ్బు చేస్తే దీవుల బయటికే తరలిస్తారు, కాబట్టి విమాన తరలింపు ఖర్చు భరించే బీమా తీసుకోండి.

చిలీలోని పుంటా అరెనాస్ మీదుగా వచ్చే విమానం వారానికి ఒక్కటే, శనివారం. అందుకే సాండర్స్‌ను వారం మొదట్లో పెట్టుకోండి, ఆలస్యమైనా సర్దుకోవచ్చు. రోడ్డు మీద చేరగల పోర్ట్ లూయీని చివరికి ఉంచండి.