సిక్సాక్సిస్ కంట్రోలర్: చేతికి తేలిక, ఆటకు లోటు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 3కి సరిపోయే పాత సిక్సాక్సిస్ కంట్రోలర్ కొన్నాను. కుడి స్టిక్ మీది రబ్బరు అంచున అరిగినా, బటన్లు చక్కగా పనిచేస్తున్నాయి. అయితే లోపల వైబ్రేషన్ మోటార్లు లేనందున, ఆటలో కారు గోడను ఢీకొన్నా అరచేతికి ఏమీ తెలియదు. నాకిది పెద్ద లోటు.

వైబ్రేషన్ పేటెంట్లను ఉల్లంఘించారంటూ ఇమ్మర్షన్ సంస్థ 2002లో అమెరికాలో సోనీపై దావా వేసింది, 2004లో జ్యూరీ సుమారు 8.2 కోట్ల డాలర్ల పరిహారం విధించింది, ఆ వివాదం తేలకముందే 2006లో ఈ కంట్రోలర్ వచ్చింది. కంట్రోలర్ కదలికను, వంపును పసిగట్టే మోషన్ సెన్సార్లకు వైబ్రేషన్ అడ్డొస్తుందని సోనీ అప్పట్లో చెప్పినా, 2007లో రాజీ కుదిరాక వచ్చిన సోనీ తర్వాతి కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 3లో రెండూ ఉన్నాయి కాబట్టి ఆ వివరణ నాకు నమ్మబుద్ధి కాదు. ధరలో పెద్ద తేడా లేకపోతే, పైభాగాన డ్యూయల్‌షాక్ 3 అని ముద్రించి ఉందో లేదో చూసి, దాన్నే తీసుకోండి.