కారు పాలిషింగ్‌కి ఎన్ని ప్యాడ్లు కావాలి? నాలుగేళ్లు వాడాక నా లెక్క

మాది 2015 మోడల్ నల్ల సెడాన్. నల్ల కారు ఉన్నవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. నీడలో అద్దంలా ఉంటుంది, ఎండలోకి తీస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలే. రోజూ పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడవడం వల్ల పడ్డ గీతలవి. వాటిని పోగొడదామని ఒకసారి రబ్బింగ్ పాలిష్‌కి ఇచ్చాను. కారు మొత్తానికి ఒకటే వూల్ ప్యాడ్ (మెషిన్‌కి తగిలించి తిప్పే గుండ్రటి మెత్త) వాడారు. అంతకుముందు ఎన్ని కార్ల మీద తిరిగిందో, దాని ఊలు అట్టకట్టి గట్టిగా ఉంది. ఆ సాయంత్రం కారు బాగానే మెరిసింది. మర్నాడు ఎండలో చూస్తే పాత గీతల పక్కనే మెషిన్ తిరిగిన వంకర చారలు కొత్తగా తేలాయి. ఇక నేనే నేర్చుకుందామని డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్‌ని గుండ్రంగా తిప్పుతూనే అటూ ఇటూ ఊపే మెషిన్) కొన్నాను. ఈ నాలుగేళ్లలో మాది, చుట్టాలవి, మా అపార్ట్‌మెంట్ వాళ్లవి కలిపి తొమ్మిది కార్లు చేశాను. ఏ మెషిన్ కొనాలి, ఏ కాంపౌండ్ (గీతలు కోసే పేస్ట్) మంచిది అని చాలామంది అడుగుతారు. ప్యాడ్లు ఎన్ని కావాలని మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో పని బాగా రావడమూ, చెడిపోవడమూ అక్కడే ఉంది.

మొదట నేను కొన్నది రంగుకొకటి చొప్పున ఐదు ఫోమ్ ప్యాడ్లున్న సెట్. గట్టిది, మధ్యరకం, మెత్తది, ఇలా అన్నీ ఉన్నాయి కదా, కారుకి సరిపోతాయనుకున్నాను. తీరా చూస్తే గీతలు తీయగలిగే ప్యాడ్ అందులో ఒక్కటే. దానితో సెల్లార్‌లో బానెట్ మొదలుపెట్టాను. రెండడుగుల చదరం చొప్పున మొదటి రెండు భాగాలూ చక్కగా వచ్చాయి. మూడో భాగానికి కాంపౌండ్ తీరు మారింది. అంతవరకూ పల్చగా పరుచుకుని తుడవగానే వచ్చేసింది కాస్తా, ముద్దముద్దగా పెయింట్‌కి అంటుకుని గుడ్డతో గట్టిగా రుద్దితే గానీ వదల్లేదు. నాలుగో భాగంలో మెషిన్ చప్పుడు బరువుగా మారింది. ఆపి ప్యాడ్ మధ్యలో వేలు పెడితే చుర్రుమంది. అయినా బానెట్ పూర్తి చేద్దామని ఇంకో భాగం మీద పెట్టాను. జిగురు కరిగి ఫోమ్ మొత్తం ఊడి పక్కకి ఎగిరిపోయింది, వెల్క్రో పొర మాత్రం ప్లేటుకే అంటుకుని ఉంది. ఆ రోజు సగం బానెట్‌తో పని ఆగిపోయింది. చేతిలో ఇంకా నాలుగు ప్యాడ్లున్నాయి గానీ ఆ పనికి ఒక్కటీ పనికిరాదు.

జరిగేదేమిటంటే, పాలిష్ చేయడమంటే రంగు పైనున్న పారదర్శక పొరని, అంటే క్లియర్ కోట్‌ని, అతి పల్చగా కోయడమే. కారు పెయింట్ మొత్తం కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్ల దాకా. మనం తీసేది ఒకటి రెండు మైక్రాన్లే అయినా, ఆ పొడి, వాడేసిన కాంపౌండ్ కలిసి ఫోమ్ రంధ్రాల్లోనే కూర్చుంటాయి. రంధ్రాలు నిండాక ప్యాడ్‌కి కోసే గుణం పోతుంది, వేడి పెరుగుతుంది. డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ఆ వేడి ఎక్కువగా ప్యాడ్ మధ్యలో, వెల్క్రో దగ్గర చేరుతుంది. కొన్ని ప్యాడ్లకి మధ్యలో రంధ్రం పెట్టేది అందుకే. పైగా తడిసి బరువెక్కిన ప్యాడ్ గుండ్రంగా తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. ఇది కంటికి తెలియదు. ప్యాడ్ అంటుకునే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసి చూడండి. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతున్నట్టు. ఉన్నచోటే ఊగుతోందంటే, ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ మార్చే వేళయింది. ఆ నల్ల గీత నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు.

ఇక లెక్క. సెడాన్‌కి బానెట్, టాప్, డిక్కీ, నాలుగు డోర్లు, ముందు చక్రాల పైని ఫెండర్లు రెండు, వెనక చక్రాల పైని క్వార్టర్ ప్యానెళ్లు రెండు, బంపర్లు రెండు, మొత్తం 13. ప్రతి భాగానికీ బ్రష్‌తో శుభ్రం చేసుకుంటూ పోతే ఒక ఫోమ్ ప్యాడ్ రెండు ప్యానెళ్లు నిజాయితీగా లాగుతుంది. బానెట్, టాప్ పెద్దవి కాబట్టి వాటికి చెరొకటి. డోర్లు, ఫెండర్లు, క్వార్టర్ ప్యానెళ్లు కలిసి ఎనిమిదికి మూడు ప్యాడ్లు పెడతాను, ఎందుకంటే డోర్ల కింది సగం ప్లాస్టిక్ బీడింగుల వల్ల పని తక్కువే. డిక్కీకీ బంపర్లకీ కలిపి ఒకటి. మొత్తం ఆరు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి నాలుగు, పెద్ద ఎస్‌యూవీకి ఎనిమిది. గీతలు తీశాక మెరుపు కోసం రెండో దఫా చేస్తే మెత్తని ఫినిషింగ్ ప్యాడ్లు ఇంకో మూడు చాలు. అక్కడ కోత తక్కువ, చెత్త తక్కువ, అందుకే అవి త్వరగా నిండవు. పిల్లర్లకి, అద్దాల చుట్టూ, డోర్ హ్యాండిళ్ల కింద తిప్పడానికి మూడంగుళాల చిన్న ప్యాడ్లు రెండు. మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదే: రంగుకొకటి చొప్పున ఐదు వద్దు, ఒకే రకానివి ఐదారు కొనండి. మధ్యరకం పాలిషింగ్ ప్యాడ్లే ఎక్కువ తీసుకోండి. మామూలు గీతలకి అవే చాలు.

డబ్బు దగ్గర అందరూ ఆగుతారని తెలుసు. మంచి ఫోమ్ ప్యాడ్ నాకు ఒక్కోటి ₹600 నుంచి ₹900 దాకా పడింది. మా బావమరిది తెల్ల స్విఫ్ట్ చేస్తున్నప్పుడు ఇదే అడిగాడు. "బావా, ఒకటి కడుక్కుంటూ వాడితే పోదా?" సరేనని ఒక డోర్ అలాగే చేయించాను. ప్యాడ్ కడగడం, పిండడం, మెషిన్‌కి పెట్టి తిప్పి నీళ్లు విదిలించడం, ఇదంతా అయ్యేసరికి పావుగంట. అయినా లోపల తడి పోలేదు. ఆ తడికి కాంపౌండ్ నీళ్లలా పల్చనై గీతలు సగమే తీసింది. తర్వాత పొడి ప్యాడ్ ఇస్తే అదే డోర్ రెండుసార్లు తిప్పేసరికి శుభ్రంగా వచ్చింది. ఆ కారుకి నాలుగు ప్యాడ్లు పట్టాయి. తెల్ల రంగు కాబట్టి మెరుపు కోసం చేసే రెండో దఫా అవసరం రాలేదు.

రంగుల విషయంలో జాగ్రత్త. ఏ రంగు ఎంత గట్టిదో కంపెనీ కంపెనీకీ మారుతుంది. రూపెస్‌లో నీలం అంటే బాగా కోసేది, 3ఎం‌లో నీలం అంటే చివర మెరుపుకి వాడే మెత్తనిది. లేక్ కంట్రీలో పసుపు గట్టి కటింగ్ ప్యాడ్, రూపెస్‌లో పసుపు ఫినిషింగ్ వైపుది. రెండు కంపెనీలవి కలిపి కొన్నవాళ్లు వెనకాల మార్కర్‌తో రాసిపెట్టుకోకపోతే ఏదో ఒకరోజు మెరిసిన బానెట్ మీద నీలం ప్యాడ్ పెట్టేస్తారు. నేను కంపెనీ మార్చడమే మానేశాను.

మైక్రోఫైబర్ ప్యాడ్లు ఏడాదిన్నర వాడాను. కోత విషయంలో ఫోమ్ వాటి దగ్గరికి రాదు. బోరు నీళ్ల మరకలు లోతుగా దిగిన ఒక కారుకి అవే దిక్కయ్యాయి. కానీ ప్రతి రెండడుగుల భాగానికీ పోగులు అణిగిపోయి జిగటగా తయారవుతాయి, ఎప్పటికప్పుడు బ్రష్‌తో లేపాలి. నల్ల పెయింట్ మీద పొగచూరినట్టు పల్చటి మసక వదులుతాయి, తర్వాత మెత్తని ఫోమ్ తప్పనిసరి. వాటితో అయితే సెడాన్‌కి ఆరు కాదు, ఎనిమిది పెట్టుకోవాలి. నల్ల కారుకి నా ఓటు ఫోమ్‌కే.

శుభ్రం చేసే పద్ధతి మీదే ప్యాడ్ల లెక్క ఆధారపడి ఉంది కాబట్టి అది కూడా చెప్పాలి. ప్రతి భాగం అయ్యాక మెషిన్‌ని తక్కువ స్పీడులో తిప్పుతూ నైలాన్ బ్రష్ ప్యాడ్‌కి ఆనిస్తాను. తెల్లటి పొడి రాలుతుంది. తర్వాత పొడి టవల్‌కి ఒకసారి ఒత్తుతాను. పట్టుమని పది సెకన్ల పని. కొత్త భాగానికి శనగగింజంత చుక్కలు నాలుగు, అంతకంటే ఎక్కువ వేస్తే ప్యాడ్ తాగడమే తప్ప లాభం లేదు. కింద పడ్డ ప్యాడ్‌ని మాత్రం ఆ రోజుకి మళ్లీ ముట్టుకోను. సెల్లార్ నేల మీది ఇసుక రవ్వ ఒక్కటి ఇరుక్కున్నా తీసిన గీతలన్నీ తిరిగి పడతాయి. ఆరు లెక్క చెప్పినా ఏడోది పెట్టెలో ఉంచేది దీనికోసమే.

ఎండాకాలం లెక్క వేరు. మాది విజయవాడ. ఒక మే నెలలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పొద్దున పదింటికి టాప్ మొదలుపెట్టాను. కాంపౌండ్ రెండు దఫాలకే ఎండి పొడైపోయింది, ఒక్క టాప్‌కే మూడు ప్యాడ్లు మార్చాను. అప్పటినుంచి ఎండాకాలంలో తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపేస్తాను. సగం కారు ఈ ఆదివారం, సగం వచ్చే ఆదివారం.

మన్నిక మాటకొస్తే, ఆ సెట్ తర్వాత ఒకే రకానివి కొన్న మొదటి ఆరింటిలో రెండు నా వల్లే ఏడాది లోపు పోయాయి. ఒకదాన్ని వేడినీళ్లలో నానబెట్టాను, ఇంకోదాన్ని పని అయ్యాక వేడి మీద మెషిన్‌కే వదిలేసి వెళ్లాను. రెండింటికీ జిగురు వదిలింది. మిగతావి గోరువెచ్చని నీళ్లు, కాస్త గిన్నెల సబ్బుతో అదే రోజు కడిగి, ఫోమ్ వైపు కిందికి ఉండేలా గాలి ఆడే జాలీ మీద నీడలో ఆరబెడతాను. నీరు జిగురు వైపు నిలవకుండా కిందికి దిగిపోతుంది. ఆరాక ఒక్కోటి ఒక్కో జిప్ కవర్లో. వెనకాల అంకెలు వేసుకున్నాను, ఏది ఎన్ని కార్లు చేసిందో తెలియడానికి. మూడో నంబరు ఏడు కార్లు చేసింది. మొన్న కడుగుతుంటే దాని అంచు దగ్గర ఫోమ్ వెల్క్రో నుంచి వేలెడంత లేచి ఉంది. వచ్చే ఆదివారం బంపర్లకి ఒకసారి వాడి పక్కన పెట్టేస్తాను. దాని బదులు అదే రకం రెండు తెప్పించాను.