ప్రతాప్‌గఢ్‌లో కొన్న పాత థేవా లాకెట్

రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్‌లో పాత నగలు అమ్మే ఒక చిన్న కొట్లో ఈ లాకెట్ కొన్నాను. రంగు గాజు మీద బంగారు రేకు బొమ్మను పట్టించే పనినే థేవా అంటారు. కోలగా, రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. ఆకుపచ్చ గాజు మీద బంగారంతో వేట బొమ్మ: అంబారీ కట్టిన ఏనుగు, ముందు గుర్రపు రౌతు, చెట్ల కింద పులి. చుట్టూ వెండి చట్రం, దానికి బంగారు పూత. ధర 22 వేలు.

మా నాన్న, తాత బంగారం పని చేసినవాళ్ళు. నేను ఆ పని నేర్చుకోలేదు గానీ లక్క, కుంపటి, పట్టకార్ల మధ్యే పెరిగాను. అందుకే ముందు భూతద్దం అడిగాను. గుర్రం కళ్ళెం భూతద్దంలో కూడా సన్నటి గీతే, అయినా ఎక్కడా తెగలేదు. పులి చారలు ఒక్కోటి ఒక్కో పొడవు. అచ్చు వేస్తే అన్నీ ఒకేలా వచ్చేవి. నేను డబ్బులిచ్చింది దీనికే.

థేవా పని ఇలా సాగుతుంది. పలచగా సాగగొట్టిన మేలిమి బంగారు రేకును లక్క పరిచిన పలక మీద అతికించి, సన్నటి ఉలులతో బొమ్మ చెక్కి, అక్కర్లేని చోటల్లా రేకు తీసేస్తారు. మిగిలిన జాలీని వేడి చేసి రంగు గాజుకు పట్టిస్తారు. గాజు అడుగున వెండి రేకు పెడతారు. వెలుతురు దానికి తగిలి వెనక్కి రావడం వల్లే గాజుకు ఆ నిగారింపు. మన హైదరాబాద్ జడావులో బంగారం రాయిని పట్టి ఉంచుతుంది, ఇక్కడ బంగారమే బొమ్మ. గాజుకు ఆ పట్టు తెచ్చే కిటుకును రాజ్‌సోనీ కుటుంబాలు తరతరాలుగా తమలోనే దాచుకున్నాయి. వాళ్ళలో మహేశ్ రాజ్ సోనీకి 2015లో పద్మశ్రీ కూడా వచ్చింది.

తూకం చూసి కొనేవాళ్ళకు మాత్రం ఇది వద్దనే చెబుతాను. బంగారం చాలా కొద్ది. మా ఊళ్ళో ఒక నగల షాపులో చూపిస్తే "గాజే కదమ్మా, దీనికేం వస్తుంది?" అన్నారు. నాకు నిజంగా కష్టమనిపించింది. ఆయన ఆ కళ్ళెం వైపు చూడనేలేదు.

లోపం ఒకటుంది. ఎడమ అంచున లోపలి వెండి నల్లబడి చిన్న మచ్చ పడింది. బాగుచేయాలంటే చట్రం విప్పాలి, గాజు పగిలే ప్రమాదం ఉంది. అలాగే ఉంచేశాను, పాత వస్తువుకు ఆ మచ్చ ఉన్నా ఫర్వాలేదు.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు థేవా అని కనిపిస్తే దగ్గరి ఫోటో అడగండి. ఆకులన్నీ ఒకే కొలతలో ఉంటే అది అచ్చు రేకే. అసలుది దొరికితే నీళ్ళు తగలనివ్వకండి, షాపుల్లో మెషిన్ క్లీనింగ్‌కి అస్సలు ఇవ్వకండి. సెంటు ముందు కొట్టుకుని, ఆరాక వేసుకోండి. తుడవడానికి మెత్తటి పొడిగుడ్డ చాలు.