ఎడ్యుకేషన్ లోన్: చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదు అన్న మాట వెనక

ఎడ్యుకేషన్ లోన్‌కి ఎలా అప్లై చేయాలి, ఏ కాగితాలు పెట్టాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. 2016లో చెన్నైలో బీటెక్ కోసం ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో తీసుకున్న 7 లక్షల లోన్ నేను ఇంకా కడుతూనే ఉన్నాను. ఇన్నేళ్లయినా నాకు కోపం తగ్గనిది ఒక్క మారటోరియం మీదే. చదివే నాలుగేళ్లు, ఆపైన ఇంకో ఏడాది ఏమీ కట్టక్కర్లేదు అని బ్యాంకులు గొప్పగా చెప్పే వెసులుబాటు అది.

కట్టక్కర్లేదు, నిజమే. కానీ మొదటి ఏడాది ఫీజు కాలేజీ ఖాతాకి వెళ్లిన రోజు నుంచే వడ్డీ పడుతూ ఉంటుంది. ఆ మాట మాకు ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. సంతకాల రోజు బ్రాంచిలో ఆఫీసర్ నాన్నతో అన్నది ఇదీ: "పాప చదువు అయ్యేదాకా మీరు రూపాయి కట్టక్కర్లేదు మాస్టారూ, ఉద్యోగం వచ్చాక తనే చూసుకుంటుంది." నాన్న ఎంతో సంతోషంగా ఇంటికి వచ్చారు.

2020లో చదువు అయిపోయింది. కరోనా వల్ల కంపెనీ జాయినింగ్ నెలల తరబడి వాయిదా వేసి, 2021 మొదట్లో తీసుకుంది. ఆ ఏడాది జూన్‌లో ఈఎంఐ షెడ్యూల్ చేతికి వచ్చింది. అందులో అసలు అన్న చోట 7 లక్షలు కాదు, 9 లక్షల 57 వేల చిల్లర ఉంది. వేరే ఎవరి ఖాతానో అనుకుని నాన్నా నేనూ బ్రాంచికి వెళ్లాం. పాత ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయిపోయారు. కొత్తాయన ఓపిగ్గానే కంప్యూటర్ స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. ఏడాదికి 1.75 లక్షల చొప్పున ఇచ్చారు, రేటు కాస్త అటూ ఇటూ అయినా 10.5 శాతం చుట్టూనే తిరిగింది. మొదటి విడత మీద ఐదేళ్ల వడ్డీ దాదాపు 92 వేలు, రెండో విడత మీద 73 వేలు, మూడో దాని మీద 55 వేలు, నాలుగో దాని మీద 37 వేలు. మొత్తం 2.57 లక్షలు. "ఇదంతా బారువడ్డీయే సార్, చక్రవడ్డీ వేయలేదు" అన్నారాయన.

నాన్న లెక్కల టీచర్. అక్కడే బల్ల మీద కాగితం పెట్టుకుని మళ్లీ లెక్క వేశారు. సరిపోయింది. బ్యాంకు ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. అయితే ఆ 2.57 లక్షలు అప్పటికే అసల్లో కలిసిపోయాయి, అంటే ఆ రోజు నుంచి వడ్డీ మీద వడ్డీ మొదలైనట్టే. పదేళ్లకి ఈఎంఐ 12,900. మొదటి నెల కట్టిన దాంట్లో దాదాపు 8,400 వడ్డీకే పోయింది, అసల్లో తగ్గింది 4,500. అప్పుడు నా చేతికి వచ్చే జీతం పాతిక వేలు. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్ పాస్ అన్నీ మిగతా సగంలోనే. మొత్తం పదేళ్లూ కడితే 7 లక్షలకి పదిహేనున్నర లక్షలు.

వెళ్లబోతుంటే ఆ ఆఫీసరే అన్నారు, చదువుకునేటప్పుడే నెలనెలా వడ్డీ కడుతూ వచ్చి ఉంటే రేటులో 1 శాతం రాయితీ కూడా వచ్చేదని. లోన్ మంజూరైనట్టు బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటర్‌లో అది ఇంగ్లీషులో ఒక్క లైను. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 1,530 రూపాయలు, నాన్న జీతంలో ఇబ్బంది లేకుండా కట్టగలిగిన మొత్తం. నాలుగో ఏడాదికి 6 వేలు దాటేది, అది కష్టమే. కానీ మొదటి రెండేళ్లు కట్టినా ఎంతో భారం దిగేది. మొత్తం వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే ఈఎంఐ 9,450 దగ్గర మొదలయ్యేది. ఇంత ముఖ్యమైన సంగతి సంతకం రోజున నోటితో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పకపోవడం అన్యాయమనే నేను ఇప్పటికీ అంటాను.

మారటోరియం వడ్డీని కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. కానీ కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండాలి. నాన్న జీతం ఆ గీత దాటింది. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో 8 లక్షల ఆదాయం దాకా, 10 లక్షల లోన్ వరకు మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తున్నారు, అదీ ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవాళ్లకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు తీసుకోకముందే చూసుకోండి.

సెక్షన్ 80ఈ గురించి అందరూ గొప్పగా చెబుతారు, వడ్డీ మొత్తానికీ పన్ను మినహాయింపు, పరిమితి లేదు అని. మంచిదే. కాకపోతే వడ్డీ అన్నిటికంటే ఎక్కువగా పోయే మొదటి రెండేళ్లలో నా జీతానికి పన్నే పడలేదు, ఇక మినహాయింపు దేనికి? ఈ మినహాయింపు ఎనిమిదేళ్ల దాకానే, ఆ గడువు మాత్రం వడ్డీ కట్టడం మొదలుపెట్టినప్పుడే మొదలైపోయింది. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో ఉన్నాను, అందులో 80ఈ లేనే లేదు.

సంతోషపెట్టిన విషయం కూడా ఉంది. ఫ్లోటింగ్ రేటు లోన్, అంటే వడ్డీ రేటు మారుతూ ఉండే లోన్, ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదని ఆర్‌బీఐ నియమం ఉంది. 2023లో బోనస్, చిట్టీ డబ్బులు కలిపి లక్ష ఒకేసారి అసలుకి కట్టాను. ఈఎంఐ తగ్గించవద్దు, కాలం తగ్గించండి అని లెటర్ రాసి ఇచ్చాను. దాదాపు పదహారు వాయిదాలు ఎగిరిపోయాయి! అంటే కట్టిన లక్షకి రెండు లక్షల దాకా కట్టాల్సిన బాధ తప్పింది. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను. లెటర్ ఇవ్వకపోతే ఈఎంఐ తగ్గించి కాలం అలాగే ఉంచే అవకాశం ఉంది, అందుకే రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

తమ్ముడు 2022లో ఇక్కడే గుంటూరు దగ్గర కాలేజీలో చేరాడు. వాడి లోన్ 4 లక్షలే. వాడి వడ్డీ మొదటి నెల నుంచీ నా ఖాతాలోంచే ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టాను. మొదటి ఏడాది నెలకు ఎనిమిది వందల చిల్లర, ఇప్పుడు మూడు వేల పైన. 1 శాతం రాయితీ అడిగి మరీ రాయించుకున్నాం.

మరి లోన్ తీసుకోవచ్చా అంటే, నా విషయంలో తీసుకోకుండా ఉంటే ఆ సీటు వదులుకోవాల్సిందే. నెలకు నూటికి 90 పైసలైనా లేని వడ్డీ ఇది, మా ఊళ్లో బయట రెండు రూపాయలకి తక్కువ ఇచ్చేవాళ్లు లేరు. పైగా 7.5 లక్షల లోపు కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టలేదు, మావయ్య హామీ సంతకంతో సరిపోయింది. నాకు ఉద్యోగం ఆగకుండా ఉంది, నాన్నకి పెన్షన్ వస్తుంది, కాబట్టి భరిస్తున్నాను. ఇంట్లో నెల జీతం లేనివాళ్లకి, వ్యవసాయం మీద బతికేవాళ్లకి నెలనెలా వడ్డీ కట్టమని నేను చెప్పలేను. వాళ్లు పంట డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కట్టినా, మారటోరియం ముగిసే లోపు అసల్లో కలిసేది ఆ మేరకు తగ్గుతుంది.